గుంటూరులో చిన్న షాపులు నడిపేవాళ్లకి: మ్యాప్‌లో మీ షాపు ఎవరి జీమెయిల్‌లో ఉందో ఇప్పుడే చూసుకోండి

ఇంకా ఒళ్లు మండిపోతూనే ఉంది, రాతలో తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. "గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు ఫస్ట్ వచ్చేలా చేస్తాం" అంటూ మెడలో ఐడీ కార్డులు వేసుకుని షాపు షాపుకీ తిరిగే వాళ్లు మీకు తెలిసే ఉంటారు. రివ్యూల కోసం క్యూఆర్ స్టాండు ఫ్రీ అంటారు, వాళ్లే. కంప్లైంట్ ఇస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు.

నాది బ్రాడీపేటలో మేడ మీద మగ్గం వర్క్ షాపు. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే ఊళ్లోవాళ్లు వచ్చేస్తారు. తెనాలి, నరసరావుపేట, సత్తెనపల్లి నుంచి పెళ్లి బ్లౌజుల కోసం వచ్చేవాళ్లకి మాత్రం ఫోన్లో లొకేషనే దిక్కు. అందుకే వాళ్లకి ఏడాదికి 18,000 కట్టాను. ఏడాది అయిపోయింది, రెన్యువల్‌కి 24,000 అన్నారు, వద్దన్నాను. అంతే జరిగింది.

శ్రావణమాసం, షాపులో నిలబడడానికి చోటుండదు అనుకున్న రోజుల్లో ఫోన్లు ఆగిపోయాయి. ఎందుకో అర్థం కాలేదు. మొన్న తెనాలి నుంచి ఒక పెద్దావిడ కూతురిని తీసుకుని మెట్లెక్కి వచ్చింది. పోయినేడు పెద్దమ్మాయి పెళ్లికి మా దగ్గరే చేయించుకున్నారు, దారి గుర్తుంది కాబట్టి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "షాపు ఎత్తేశారన్నారు కదమ్మా, మరి తెరిచే ఉందే?" అంది. ఎవరన్నారండీ అంటే ఫోన్ నా చేతిలో పెట్టింది. మా బోర్డు ఫోటో, మా కస్టమర్లు రాసిన రివ్యూలు, మా వర్కర్లు కుట్టిన నెమలి బ్లౌజు ఫోటో, దాని కింద ఎర్ర అక్షరాలతో "శాశ్వతంగా మూసివేయబడింది". ఇంకా కిందికి జరిపితే ఫోన్ నంబరు. అది నా నంబరు కాదు.

ఆవిడ ముందే ఆ నంబరుకి స్పీకర్ పెట్టి చేశాను. "మగ్గం వర్కా మేడమ్? ఆ షాపు తీసేశారండి. లక్ష్మీపురంలో మనవాళ్లది ఉంది, లొకేషన్ వాట్సాప్ చేస్తాను" అన్నాడు. గొంతు వినగానే గుర్తుపట్టాను. మా షాపులో కూర్చుని టీ తాగి, "అక్కా, మీ వర్క్ ఊరంతా తెలియాలక్కా" అన్న కుర్రాడే. మా అమ్మాయి పుట్టినరోజుకి స్వీట్ పెడితే తిని వెళ్లాడు.

నేనే అని చెప్పగానే గొంతు మారింది. అక్కా పోయి మేడమ్ వచ్చింది. "రెన్యువల్ కట్టలేదు కదా మేడమ్. కట్టండి, గంటలో ఓపెన్ అని పెట్టిస్తా" అన్నాడు. నా షాపు మూసేశారని రాయడానికి నువ్వెవరివి అంటే, "షాపు మీదే, లిస్టింగ్ మాది. ఇవన్నీ ఆడవాళ్లకి చెబితే అర్థం కాదు, మీ సార్‌తో మాట్లాడించండి" అన్నాడు. పదిమంది వర్కర్లకి జీతాలిచ్చి షాపు నడిపేది నేను. తెనాలి ఆవిడ పక్కనే నిలబడి అంతా విన్నది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటోంది.

తెలిసినవాళ్ల అబ్బాయి వచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. మ్యాప్స్‌లో షాపు పేజీ, అదే బిజినెస్ ప్రొఫైల్, పెట్టేటప్పుడు టీ తాగిన ఆ కుర్రాడు వెరిఫికేషన్ అని చెప్పి వాడి ఫోన్లో వీడియో తీశాడు. బయట లైను, బోర్డు, నేను షట్టర్ తాళం తీయడం, లోపల మగ్గాలు, అన్నీ కట్ లేకుండా. ఆ వీడియో పెట్టి ప్రొఫైల్‌ని వాడి జీమెయిల్ మీద తెరిచాడు. ప్రైమరీ ఓనర్ వాడు, నాకు ఇచ్చింది మేనేజర్ యాక్సెస్. మేనేజర్ ఫోటోలు పెట్టొచ్చు, రివ్యూలకి జవాబివ్వొచ్చు గానీ ఓనర్‌ని తీసేయలేడు. ఈ తేడా ఉందని ఏడాది పొడుగునా ఒక్క ముక్క చెప్పలేదు. ఓనర్‌షిప్ కోసం రిక్వెస్ట్ పెట్టాను. ఉన్న ఓనర్‌కి 3 రోజులు టైమ్ ఇస్తారు, వాడు ఆ లోపే తిరస్కరించాడు. ఇప్పుడు ట్రేడ్ లైసెన్స్, కరెంటు బిల్లు, బోర్డు ఫోటో పెట్టి అప్పీల్ చేశాను, చూడాలి. కొత్తది పెట్టుకోమని కొందరంటున్నారు. అదే అడ్రసులో రెండోది పెడితే డూప్లికేట్ అని తీసేసే ప్రమాదం ఉంది, పైగా ఇన్నాళ్ల రివ్యూలన్నీ పాతదాని మీదే ఉండిపోతాయి. అవి నా కస్టమర్లు నాకు రాసినవి, వాడికి ఎందుకు వదలాలి?

ఇంకో విషయం. బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవడానికి గూగుల్ పైసా తీసుకోదు. "ఫస్ట్ ప్లేస్" అనేది ఎవరూ అమ్మలేరు. వెతికే మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఏం వెతికాడు, షాపుకి ఎంత పేరుంది అనేదాన్ని బట్టి వరస మారుతుంది. డబ్బు కడితే ఆ వరసలో పైకి రాదని గూగులే రాసి పెట్టింది. యాడ్స్ వేరే సంగతి. గుంటూరు చుట్టుపక్కల వాళ్లకే చూపిస్తామని వాడు దానికి కూడా విడిగా డబ్బు తీసుకున్నాడు. ఆ అబ్బాయి రిపోర్టు తీస్తే క్లిక్కుల్లో హైదరాబాద్, బెంగళూరు కనపడ్డాయి. ఊళ్లో ఉన్నవాళ్లకే చూపించాలంటే సెట్టింగ్ మార్చాలి, లేకపోతే గుంటూరు మీద ఆసక్తి చూపించినవాళ్లని కూడా లెక్కలో వేసేస్తుందట. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు బ్లౌజు కుట్టించుకోడానికి నా మేడ ఎక్కుతారా? అది నా వర్కర్ల కష్టం డబ్బు.

పోలీసుల దగ్గరికి వెళ్తానంటే, "వ్యాపారం కోసం కొన్నారు మేడమ్, కన్స్యూమర్ కేసు నిలబడదు" అని బెదిరించాడు. ఆ మాట విని వెనక్కి తగ్గకండి. సొంత ఉపాధితో బతకడానికి కొన్న వస్తువులైతే మనమూ వినియోగదారులమేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది, ఇలాంటి సేవల సంగతి మాత్రం లాయరుని అడగాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ 1930కి కూడా చెప్పాను.

మీరు చేయాల్సింది: ప్రొఫైల్‌లో మనుషుల పేర్లున్న చోటికి వెళ్లి ప్రైమరీ ఓనర్ ఎదురుగా మీ జీమెయిల్ ఉందో లేదో చూడండి. లేకపోతే వాళ్లతో మాటలు బాగున్నప్పుడే మీ పేరు మీదికి మార్పించుకోండి, కొత్తగా చేర్చిన ఓనర్‌కి పూర్తి అధికారం రావడానికి 7 రోజులు పడుతుంది. ఫోన్ నంబరు మీదేనా అని వేరేవాళ్ల ఫోన్ నుంచి చేసి చూడండి. నిన్నటి నుంచి కొత్తపేట వైపు తిరుగుతున్నారని విన్నాను, అక్కడ షాపులున్నవాళ్లకి ఈ పోస్టు పంపించండి.