ఎడ్వర్డ్ లేని ఆ గంట: ‘న్యూ మూన్’ రివ్యూ

‘ట్విలైట్’ సిరీస్‌లో రెండోది ‘న్యూ మూన్’. 2009 నవంబర్ 20న అమెరికాలో విడుదలైంది. ఐదు సినిమాల్లోకీ బాగా తీసింది ఇదే. ఈ మాటంటే సాటి అభిమానుల్లోనే సగం మంది ఒప్పుకోరు. సినిమా నిడివి 130 నిమిషాలు. బెల్లా అనే మామూలు అమ్మాయి ప్రేమించిన వాంపైర్ (రక్తపిశాచి) ఎడ్వర్డ్ దాదాపు అరగంటకే వెళ్ళిపోతాడు, మళ్ళీ నేరుగా ఎదురుపడేది చివరి భాగంలోనే. మధ్యలో గంటకు పైగా హీరో లేడు. “ఫస్టాఫ్ ల్యాగ్” అన్న మాట అక్కణ్ణుంచే పుట్టింది.

కానీ ఇది విరహం కథ. స్టెఫెనీ మేయర్ 2006లో వచ్చిన నవలలో రాసిందీ అదే. కూచిపూడి పక్కనే ఉన్న మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. భామాకలాపంలో కృష్ణుడి కోసం చూసే చూపే అసలు ఆట, సత్యభామా మాధవీ కలిసి ఆటంతా నడిపిస్తారు. ‘న్యూ మూన్’ని కూడా అలా చూస్తే ల్యాగ్ అనిపించిన చోటల్లా సినిమా పని చేస్తూనే ఉందని తెలుస్తుంది.

మొదటి భాగం తీసిన క్యాథరిన్ హార్డ్‌విక్ స్థానంలో దీనికి క్రిస్ వైట్జ్ వచ్చాడు. తేడా మొదటి పది నిమిషాల్లోనే కనిపిస్తుంది. 2008 సినిమా మొత్తం నీలం-ఆకుపచ్చ రంగులో తడిసి ఉంటుంది, కెమెరా చేతిలో పట్టుకుని తీసినట్టు కదులుతూ ఉంటుంది. ఇక్కడ కెమెరా నిలకడగా ఉంటుంది. రంగు బంగారు ఛాయకీ గోధుమ ఛాయకీ మారింది. ఎడ్వర్డ్ ఉన్నంతసేపూ ఆ వెచ్చదనం ఒకలా ఉంటుంది. అతను వెళ్ళాక అది బెల్లా స్నేహితుడూ తోడేలుగా మారేవాడూ అయిన జేకబ్ షెడ్డులోకి, అతని ఒంటి రంగులోకి, ఎండిపోయిన పచ్చికలోకి వెళ్ళిపోతుంది. కథ ఎవరి వైపు మొగ్గుతోందో డైలాగు కంటే ముందు రంగు చెబుతుంది.

మొదటి సీన్ నుంచే భయం ఏంటో తేల్చేస్తారు. పూల మైదానంలో బెల్లా తన అమ్మమ్మని చూస్తున్నాననుకుంటుంది. తీరా చూస్తే ఆ ముసలామె తనే. పక్కన ఎడ్వర్డ్ ఎప్పటిలా పదిహేడేళ్ళ కుర్రాడు. లేచి చూస్తే సెప్టెంబర్ 13, ఆమె పద్దెనిమిదో పుట్టినరోజు. అదే రోజు ఎడ్వర్డ్ కుటుంబమైన కల్లెన్ల ఇంట్లో గిఫ్ట్ విప్పుతుంటే కాగితం అంచు వేలికి కోసుకుంటుంది. ఒక్క చుక్క రక్తం. ఎడ్వర్డ్ సోదరుడు జాస్పర్ ఆమె మీదకి దూకుతాడు, ఎడ్వర్డ్ ఆమెని పక్కకి నెడతాడు, ఆ నెట్టడంలోనే గాజు పగిలి చెయ్యి ఇంకా పెద్దగా తెగుతుంది. ఇక్కడ స్క్రీన్‌ప్లే రాసిన మెలిస్సా రోజెన్‌బర్గ్‌ని మెచ్చుకోవాలి. ఆమెకి తగిలిన పెద్ద గాయం జాస్పర్ వల్ల కాదు, కాపాడబోయిన ఎడ్వర్డ్ వల్ల. తర్వాత అతను ఇల్లొదిలి వెళ్ళడానికి కారణం మనకి కళ్ళతో చూపించేశారు. అడవిలో విడిపోయే సీన్‌లో అతను చెప్పే అబద్ధాలు అందుకే అంత సులువుగా నిజంలా వినబడతాయి.

ఆ తర్వాతది ఈ సిరీస్ మొత్తానికీ గొప్ప షాట్. కిటికీ దగ్గర కుర్చీలో బెల్లా కూర్చుని ఉంటుంది. కెమెరా ఆమె చుట్టూ మెల్లగా తిరుగుతుంది. తిరుగుతుండగానే తెర మీద నెల పేరు పడుతుంది: అక్టోబర్, నవంబర్, డిసెంబర్. కిటికీ అవతల కాలం మారుతుంది, మంచు కూడా పడుతుంది. ఇవతల ఆమె కూర్చున్న తీరు మారదు. క్రిస్టెన్ స్టీవర్ట్ ఏడవదు, ముఖంలో ఏదీ కొత్తగా తెచ్చుకోదు. వెనక గాయని లిక్కె లీ గొంతు మాత్రం ఉంటుంది. ఏ డైలాగూ లేకుండా మూడు నెలలు గడిచిపోతాయి.

నవలలో ఇదే చోట మూడో అధ్యాయం అయిపోయాక నెల పేర్లు మాత్రమే ఉన్న ఖాళీ పేజీలు వస్తాయి. అక్కడ జనవరి కూడా ఉంటుంది. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల్లో ఈ నవల చేతికొచ్చి, మధ్యలో ఖాళీ పేజీలు చూసి ప్రింటింగ్ తప్పనుకుని పక్కన పెట్టేయకండి. పుస్తకం అలాగే ఉంటుంది. కొనేముందు చూసుకోవాల్సింది చివరి పేజీలు: 24 అధ్యాయాలు, ఆ తర్వాత ఒక ఎపిలోగ్ ఉండాలి. పాత పేపర్‌బ్యాకుల్లో ముందుగా ఊడిపోయేవి చివరి కాగితాలే.

బెల్లా మనసులో మాట మనకి చేర్చడానికి ఇంకో మంచి ఉపాయం వాడారు. ఆమె ఎడ్వర్డ్ సోదరి ఆలిస్‌కి ఈమెయిళ్ళు రాస్తుంది, అవి డెలివరీ కాకుండా వెనక్కి వచ్చేస్తాయి. నవలంతా ఆమె గొంతులోనే నడుస్తుంది కాబట్టి సినిమాకి ఏదో ఒక దారి కావాలి. ఊరికే వాయిస్ ఓవర్ పెట్టేస్తే సరిపోయేది. వెనక్కొచ్చే మెయిల్ అయితే అవతల వినేవాళ్ళు లేరన్న సంగతి కూడా చెబుతుంది. వాళ్ళ నాన్న చార్లీగా బిల్లీ బర్క్ ఉన్న ప్రతి సీనూ నిజంగా ఇంట్లో జరిగినట్టే ఉంటుంది. రాత్రుళ్ళు నిద్రలో కేకలు పెట్టే కూతురి దగ్గర ఏం మాట్లాడాలో తెలియని తండ్రి, చివరికి అమ్మ దగ్గరికి వెళ్ళిపో అంటాడు. ఇతని గురించి అభిమానులు ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి.

టేలర్ లాట్నర్ జేకబ్ పాత్ర చేజారిపోకుండా సుమారు 30 పౌండ్లు, అంటే దాదాపు 13 కిలోలకు పైగా కండ పెంచాడు. అందరూ చెప్పుకునేది ఆ ఒళ్ళు గురించే. అసలు మార్కులు పడాల్సింది షెడ్డు సీన్లకి. రెండు పాత మోటార్‌సైకిళ్ళు, చేతులకి గ్రీజు, మధ్యమధ్యలో నవ్వు. బెల్లా మళ్ళీ మామూలుగా మాట్లాడ్డం మొదలుపెట్టేది అక్కడే. ఆమె బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలితే జేకబ్ వేసుకున్న చొక్కా విప్పి రక్తం తుడుస్తాడు. ఆ సీన్‌కి ఈలలు పడతాయి, పడాలి కూడా. దాంట్లో ఇంకో సంగతి ఉంది. ఆమె రక్తం చూసి ఇతనికి ఏమీ అవ్వదు. కల్లెన్ల ఇంట్లో ఒక్క చుక్కకే ఏమైందో గుర్తుంటే, ఆ తుడవడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

ఇక తప్పులు. అన్నిటికంటే పెద్దది ఎడ్వర్డ్ పొగ బొమ్మ. నవలలో బెల్లా ప్రమాదంలో ఉన్నప్పుడు అతని గొంతు మాత్రమే వింటుంది. సినిమాలో అతను పొగలా కనిపించి, హెచ్చరించి, కరిగిపోతాడు. రాబర్ట్ ప్యాటిన్‌సన్‌ని గంటసేపు చూపించకుండా ఉండలేక చేసిన పని అనిపిస్తుంది. దానివల్ల రెండు నష్టాలు. మనిషి కనబడితే అది మనసు చేసే మాయా, అతని శక్తా అని కొత్తవాళ్ళు తికమకపడతారు. రెండోది, కుర్చీ సీన్‌తో అంత కష్టపడి కట్టిన వెలితిని ఈ బొమ్మ ప్రతిసారీ కొంచెం పూడ్చేస్తుంది. గొంతు ఒక్కటే ఉండుంటే ఆమె అతని మాట వినడానికే ప్రాణం మీదకి తెచ్చుకుంటోందన్నది గుండెకి తగిలేది.

తోడేళ్ళు సగం పాస్. మొదటి సినిమాకీ దీనికీ మధ్య ఏడాది కూడా లేదు, బడ్జెట్ సుమారు 5 కోట్ల డాలర్లు. గ్రాఫిక్స్ కంపెనీ టిప్పెట్ స్టూడియో ఆ టైములో చేసిన పని చిన్నదేం కాదు. కళ్ళు, మూతి దగ్గరగా చూపించినప్పుడు బాగుంటాయి. గుర్రమంత ఒళ్ళున్న జంతువు పరిగెత్తేటప్పుడు మాత్రం నేల మీద ఆ బరువు కనబడదు. పగటి వెలుగులో జేకబ్ గాల్లో ఎగిరి తోడేలుగా మారే షాట్ ఒక్కటీ ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిపిస్తుంది, ఎందుకంటే మార్పు క్షణంలో అయిపోతుంది, తప్పులు వెతికే టైము ఉండదు.

టామ్ యార్క్ పాట మీద, బెల్లా మీద పగబట్టిన వాంపైర్ విక్టోరియాని తోడేళ్ళు తరిమే ఘట్టం కట్టింగ్ అద్భుతం. అడవిలో వేట, అక్కడే చార్లీ స్నేహితుడు హ్యారీ క్లియర్‌వాటర్, మరోపక్క కొండ అంచున బెల్లా, మూడూ దాదాపు మాటల్లేకుండా కలుస్తాయి. నవలలో హ్యారీ గుండెపోటుతో పోయాడన్న కబురు మాత్రమే వస్తుంది. సినిమాలో దానికి విక్టోరియాని కారణం చేశారు. ఇది నవల కంటే మెరుగైన మార్పు. ఎందుకంటే ఆ చావు వల్లే జేకబ్ ఫోన్‌లో అంత్యక్రియల మాట అంటాడు, అది విని ఎడ్వర్డ్ బెల్లా పోయిందనుకుంటాడు. సినిమా మారిస్తే గొలుసులో ఒక లింకు గట్టిపడింది.

బెల్లా పోయిందనుకున్న ఎడ్వర్డ్ చావడానికి వెళ్ళేది ఇటలీలోని వోల్టెర్రాకి, వాంపైర్ల పాలకులైన వోల్టూరీ ఉండేది అక్కడే. ఆ సీన్లు ఇటలీలోనే ఉన్న మోంటెపుల్చానో ఊళ్ళో తీశారు. ఎర్రటి అంగీల జనం మధ్య బెల్లా ఒక్కతే ఎదురుగా పరిగెత్తడం, గడియారం పన్నెండు కొట్టడం, అలెగ్జాండర్ డెస్ప్లా నేపథ్య సంగీతం వాటిని మోసుకెళ్ళడం చూసి తీరాలి. మైకేల్ షీన్ వోల్టూరీ నాయకుడు ఆరోగా మెత్తగా నవ్వుతూ భయపెడతాడు. వోల్టూరీలో ఒకరైన జేన్‌గా డకోటా ఫ్యానింగ్ తెర మీద ఉండేది కాసేపే, ఆ చూపు మాత్రం గుర్తుండిపోతుంది. అక్కడ వోల్టూరీ భటుడు ఫీలిక్స్‌తో ఎడ్వర్డ్ ఫైటు నవలలో లేదు, సినిమాకి అవసరమే. ఆలిస్ చూపించే భవిష్యత్తు మాత్రం, ఇద్దరూ పాతకాలపు బట్టల్లో అడవిలో పరిగెత్తే ముక్క, తీసేయాల్సింది. అంత బరువైన చోట అది సబ్బు ప్రకటనలా తేలిపోయింది.

ఇంట్లో చూసేవాళ్ళకి కొన్ని పనికొచ్చే సంగతులు. టీవీ పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉంటే సినిమా సగం పోయినట్టే. బంగారు ఛాయ నారింజ అవుతుంది, కల్లెన్ల పాలిపోయిన మేకప్ సున్నం కొట్టినట్టు కనబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం కళ్ళు: జంతువుల రక్తం తాగేవాళ్ళవి బంగారు రంగు, ఆకలేస్తే నలుపు, మనుషుల రక్తం తాగేవాళ్ళవి ఎరుపు. వివిడ్‌లో బంగారమూ ఎరుపూ కలిసిపోయి లారెంట్ అనే వాంపైర్ ఎంత ప్రమాదమో తెలియకుండా పోతుంది. ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే తోడేళ్ళ సీన్లు టీవీ సీరియల్ గ్రాఫిక్స్‌లా జారిపోతాయి. పైనా కిందా నల్లపట్టీలు ఉంటాయని జూమ్ చేయొద్దు, పక్కలు కోసుకుపోతాయి, కుర్చీ షాట్‌లో గదికి ఆ ఖాళీ ఉండాల్సిందే.

మే నెలలో బెజవాడ మధ్యాహ్నం పల్చటి కర్టెన్లు వేసుకుని చూస్తే అడవి రాత్రులు నల్లటి మచ్చలుగా మిగులుతాయి. దీపాలు పెట్టే వేళ దాటాక మొదలుపెట్టండి. సీలింగ్ ఫ్యాను ఐదులో తిరుగుతుంటే క్రిస్టెన్ గొణుగుడు సగం వినబడదు. ఆమె మాటలు కావాలనే గొంతులో దాచుకుంటుంది, కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం నామోషీ కాదు. గుంటూరు బ్రాడీపేట హాస్టళ్ళలో ల్యాప్‌టాప్ మీద చూసేవాళ్ళు ఇయర్‌ఫోన్స్ తప్పకుండా వాడాలి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో డెస్ప్లా పియానో కింది స్వరాలు అసలు పలకవు.

మొదటి భాగం చూడకుండా దీనికి రావొద్దు. విక్టోరియా పగ ఎందుకో, ఆమె తన ప్రియుడు జేమ్స్‌ని ఎలా పోగొట్టుకుందో అందులోనే ఉంది. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు: కల్లెన్లకీ తోడేళ్ళకీ మధ్య ఉన్న ఒప్పందం, వోల్టూరీకి ఇచ్చిన మాట, బెల్లా మీద ఆరో, జేన్‌ల శక్తులు పనిచేయకపోవడం. మూడోది 2012లో వచ్చిన ఆఖరి భాగానికి ప్రాణం. 2010 నాటి ‘ఎక్లిప్స్’లో విక్టోరియాగా రాచెల్ లెఫెవ్ర్ బదులు బ్రైస్ డల్లాస్ హోవర్డ్ ఉంటుంది. జుట్టు రంగు చూసి గుర్తుపట్టండి, పాత్ర అదే.

సినిమా ముగింపు మీద ఇప్పటికీ గొడవే. ఎడ్వర్డ్ పెళ్ళి చేసుకో అంటాడు, బెల్లా ఊపిరి ఆగినట్టవుతుంది, తెర నలుపు. నవల అక్కడ ఆగదు కాబట్టి పుస్తకం చదివినవాళ్ళకి మోసంలా ఉంటుంది. నాకు మాత్రం సరైన చోట కోశారనిపిస్తుంది. వదిలి వెళ్ళినవాడు జీవితాంతం ఉంటానంటున్నాడు, ఆమె వెంటనే సరే అనకపోవడంలో ఆ మూడు నెలల కుర్చీ అంతా ఉంది. ఒకే రాత్రి రెండూ చూసేయాలనుకునేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి మంచినీళ్ళు తాగి ‘ఎక్లిప్స్’ పెట్టుకోండి. మొదట వానలో సియాటిల్ వీధి వస్తుంది, కంగారు పడొద్దు. ఆ వెంటనే పూల మైదానంలో ఎడ్వర్డ్ అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాడు.