నాలుగేళ్ళు వాడిన మడతల బొంత

2021 డిసెంబరులో ఈ బొంత కుట్టడం ముగించాను. అప్పట్నుంచీ మా ఇంట్లో రోజూ వాడుతూనే ఉన్నాం. కర్నూలులో చలి ఎక్కువ రోజులు ఉండదు కాబట్టి కప్పుకునేది రెండు నెలలే. మిగతా కాలమంతా మంచం మీద పరుచుకుంటాం, మధ్యాహ్నం పాప ఆడుకోవడానికి నేల మీద వేస్తాం. రెండు నెలలకోసారి ఉతుకుతాను. కుట్టిన వారంలో ఎవరైనా అడిగి ఉంటే అంతా బాగుందనే చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పలేను.

కొలత 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. పైన అమ్మ పాత నూలు చీరలు, అడుగున ఎమ్మిగనూరు దుప్పటి, మధ్యలో ఆదోనిలో ఏకించి తెచ్చిన కిలో దూది పలచగా పరిచాను. చుట్టూ అంచుకు 100 మడత త్రికోణాలు. నడుమ తొమ్మిది మడత పువ్వులు, రేకులు పైకి లేచి ఉండేలా. మిగిలిన చోటంతా ఫ్రీ మోషన్ కుట్టు, అంటే బట్టను చేత్తో తిప్పుతూ మిషన్ మీద వేసే మెలికల కుట్టు.

అంచు గురించి ఎంత చెప్పినా తక్కువే. నాలుగంగుళాల చదరపు ముక్కను మూల నుంచి మూలకు మడిచి, ఇంకోసారి సగానికి మడిస్తే త్రికోణం వస్తుంది. అమెరికాలో క్విల్టులు కుట్టేవాళ్ళు దీన్ని ప్రైరీ పాయింట్ అంటారు. దీనికి ఒక పక్క మూసి ఉంటుంది, ఇంకో పక్క తెరుచుకుని ఉంటుంది. తెరిచిన పక్కలోకి తర్వాతి త్రికోణాన్ని అంగుళం మేర దూర్చుకుంటూ పోతే మూడంగుళాలకొకటి చొప్పున వరుస కుదురుతుంది. ఒక్కోటి నాలుగు పొరల బట్ట, దూర్చిన చోట ఎనిమిది. 14 నెంబరు సూదులు రెండు విరిగాయి, ఇంకాస్త లావైన 16 వేశాకే మిషన్ ముందుకు నడిచింది. ఇన్ని ఉతుకుల తర్వాత కూడా ఒక్క త్రికోణం ఊడలేదు. తడిసినప్పుడు ముడుచుకుపోతాయి గానీ, ఆరాక వేళ్ళతో లాగి సర్దితే చాలు. పాప నిద్రపోయే ముందు ఎప్పుడూ ఒకే కొసను రెండు వేళ్ళ మధ్య నలుపుతూ ఉంటుంది. ఆ కొస చెవి తమ్మెలా మెత్తబడింది, రంగు వెలిసింది, కుట్టు మాత్రం కదల్లేదు.

ఎర్ర చీర ముక్కలు మాత్రం నన్ను ఏడిపించాయి. ఉప్పు నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి మరీ కుట్టినా మొదటి ఉతుకులోనే పక్కనున్న తెల్ల ముక్కలకు రంగు అంటింది. ముదురు రంగు బట్టను తెల్లగుడ్డతో కలిపి తడిపి చూసుకున్నాకే కత్తెర పెట్టండి.

నా అసలు బాధ నడిమి పువ్వులతో. చూడ్డానికి అవే అందం, వాడకంలో అవే నిలవలేదు. రేకు మొదట్లో మాత్రమే కుట్టు ఉంటుంది, అంచు వదులు. చొక్కా కాలర్ మడత దగ్గర ముందు అరిగినట్టే, రెండో ఏడుకే రేకుల మడతలు పీచు తేలాయి. మా అత్త ఒకరోజు కాలు విదిలించుకుంటూ, "మెట్టెలకు తగులుకుంటాండాయమ్మా ఈ పువ్వులు" అన్నారు. ఆ రోజే ఒక రేకు చిరిగింది.

అంతకన్నా పెద్ద నష్టం పైకి కనబడేది కాదు. రేకులు అణిగిపోతాయని పువ్వుల మీద మెలికల కుట్టు వేయలేదు, ఆరంగుళాల మేర అలాగే వదిలేశాను. ఏకిన దూదికి కుట్టే కదా ఆధారం! ఒకసారి బొంతను మేడ మీద తీగకు ఆరేసి వెనక నుంచి చూస్తే, పువ్వు ఉన్నచోట ఎండ దూసుకొస్తోంది, పక్కనే నిమ్మకాయంత దూది గడ్డ నల్లగా కనిపిస్తోంది. తొమ్మిదింటిలో ఏడు చోట్ల అంతే. రెండంగుళాల ఎడంతో మెలికలు వేసిన చోట దూది ఎలా పరిచానో అలాగే ఉంది.

అందుకే ఫ్రీ మోషన్ కుట్టు మీద నాకు అంత ప్రేమ. పాత నల్ల మిషనే, బట్టను ముందుకు లాగే పళ్ళు కిందికి దించి, బట్టను అదిమి పట్టకుండా వదిలే డార్నింగ్ ఫుట్ బిగించాను. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి కదులుతుంది, నేల కదలదు. ఇక్కడ సూది ఉన్నచోటే ఉంటుంది, నేలను మనం కదపాలి. ఇది చేతికి ఎక్కడానికి నాకు నెల పట్టింది. మెలిక తిరిగేచోట చెయ్యి తొందరపడితే అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా లేస్తుంది. దారం బిగువు (టెన్షన్) తప్పనుకుని స్క్రూ తిప్పుతూ రెండు రోజులు పోగొట్టుకున్నాను. చెయ్యి నిదానించి, మిషన్ వేగం ఒకేలా ఉంచాక కుదిరింది. బట్ట జారకుండా నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వేసుకునే రబ్బరు తొడుగులు వేళ్ళకు వేసుకున్నాను. దూది నూగు అడుగు దారం ఉండే బాబిన్ కేసులో పేరుకుంటుంది, బాబిన్ మార్చిన ప్రతిసారీ బ్రష్‌తో దులపాలి.

ఇంకో బొంత కుడితే మడతలన్నీ అంచుకే పెడతాను. దీన్ని మాత్రం పారేయడానికి మనసొప్పలేదు. అడుగు బట్టకు చిన్న గంటు పెట్టి, అల్లిక సూదితో దూదిని సమంగా తోసి, గంటు మూసి, రేకుల్ని పడుకోబెట్టి వాటి అంచుల మీదుగానే మెలికలు నడిపిస్తున్నాను. ఇప్పటికి ఆరు పువ్వులు అయ్యాయి.