ఎడారిలో సెలయేర్లు: మా గృహ కూటంలో ఏడాది చదివాక

మా కాలనీలో ప్రతి గురువారం రాత్రి గృహ కూటం ఉంటుంది. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో, పదిమంది దాకా వస్తాం. పాటలు, ప్రార్థన అయ్యాక వాక్యం ఎవరు చెప్పాలన్నదే ఎప్పుడూ టెన్షన్, ఎందుకంటే పాస్టర్ గారు ప్రతి వారం రాలేరు, మిగతావాళ్లకి నోరు విప్పాలంటే జంకు. అందుకే పోయిన జనవరిలో ఎడారిలో సెలయేర్లు మొదలుపెట్టాం. చాలా క్రైస్తవ ఇళ్లలో బైబిల్ పక్కన ఉండే పుస్తకమే ఇది. తేదీల వారీగా 366 ధ్యానాలు, పైన ఒక వచనం, కింద దాని మీద కొన్ని మాటలు. చదవడానికి ఐదు నిమిషాలు చాలు.

మొదటి లాభం వెంటనే కనిపించింది. ఎప్పుడూ వెనకాల కూర్చునే ఆటో నడిపే తమ్ముడు పుస్తకం చేతికిస్తే చదివాడు, రెండు నెలలకి తనే పైకి ప్రార్థన చేశాడు. ప్రసంగం చెయ్యమంటే వచ్చేవాడు కాదు.

కానీ ఒక తప్పు జరిగింది, అది చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. మా కూటంలో ఒక అక్క భర్త చనిపోయి నెల కూడా కాలేదు. ఆ రోజు పేజీ అంతా శ్రమల్లో దాగిన మేలు గురించే. చదివింది నేనే. అవ్వగానే ఒక పెద్దాయన "చూశావా అమ్మా, దేవుడు నీతోనే మాట్లాడాడు" అన్నారు. అక్క తల దించుకుంది, తర్వాత మూడు వారాలు రాలేదు. ఇంటికి వెళ్తే "ఆ మాట నిజమే కావచ్చు చెల్లీ, కానీ ఆ రోజు వినలేకపోయాను" అంది.

ఈ పుస్తకం కూర్చిన లెట్టీ కౌమన్ భర్తతో కలిసి 1901లో జపాన్ వెళ్లిన మిషనరీ. ఆయన గుండె జబ్బుతో ఏళ్ల తరబడి మంచాన పడితే సేవ చేసింది, 1924లో ఆయన చనిపోయారు, 1925లో పుస్తకం వచ్చింది. అన్నేళ్లు మంచం పక్కన కూర్చుని, తనను నిలబెట్టిన మాటల్ని తనే ఏరుకుంది ఆవిడ. మేమేమో వాటిని ఐదు నిమిషాల్లో చదివేసి ఇంకొకరి చేతిలో పెట్టేశాం. "ఏడ్చువారితో ఏడువుడి" అని రోమా 12:15 ఉండనే ఉంది, అది మాత్రం గుర్తు రాలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. చదివే మనిషి ముందు రోజే పేజీ చూసుకోవాలి, ఎవరికైనా గుచ్చుకుంటుందనిపిస్తే వేరే తేదీ తియ్యాలి, ఇవాళ్టిదే చదవాలని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు కదా. చదివాక రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడం. ఆ తర్వాత బైబిల్లో ఆ అధ్యాయం మొత్తం తెరుస్తాం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే, ఎందుకంటే పైన ఇచ్చేది ఒక్క వచనం, ఒక్కోసారి సగమే. ఒక్క వచనాన్నే పట్టుకునే అలవాటు మనకి ముందే ఉంది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని పిల్లల పరీక్షలకి రాసిస్తాం, కానీ ఫిలిప్పీ 4లో దాని ముందు వచనం చదివితే పౌలు చెప్పేది ఆకలి గురించి, లేమి గురించి. ఆ అధ్యాయం తెరిచిన రోజు మా వాళ్లు గంటసేపు మాట్లాడుకున్నారు. మాట్లాడనివాళ్లని బలవంతపెట్టం. ఎవరి మాట మీదా ఇంకొకరు ప్రసంగం చెయ్యకూడదు, ఆ పెద్దాయన కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.

కొత్తగా నమ్ముకున్నవాళ్లకి మాత్రం ఇదొక్కటే ఇవ్వకండి, వాళ్లతో ముందు ఒక సువార్త వరుసగా చదవండి. ఈ పుస్తకంలో శ్రమ గురించే ఎక్కువ ఉంటుంది, వరుసగా అన్ని వారాలూ చదివితే కూటం బరువెక్కుతుంది. మేం నెలకో వారం దాన్ని పక్కనపెట్టి కీర్తన చదువుతున్నాం. నాలుగైదు కుటుంబాలు కూడుకునే చోట అయితే తప్పకుండా తీసుకోండి.

వచ్చే గురువారం కూటం ఆ అక్క ఇంట్లోనే. పేజీ తనే ఎంచుకుంటానంది.