నోటి లెక్కకు నాలుగు స్టార్లు, లెటర్‌హెడ్‌కు ఒకటి

వరంగల్ కరీమాబాద్‌లో మా నాయిన కట్టిన ఇల్లు అమ్మేటప్పుడు హన్మకొండలో ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటును పట్టుకున్నాం. ఆయన పేరు రాయడం లేదు. మనిషి చెడ్డోడు కాదు, పైగా సగం పని బాగానే చేశాడు. మిగతా సగం గురించే ఈ రివ్యూ.

ఇల్లు 183 గజాలు. పెంకుటిల్లు, ముందు ఒక చిన్న మడిగె. జాగ కొన్న డాక్యుమెంటు 1984ది. ముగ్గురం వారసులం: నేను, కరీంనగర్‌లో చెల్లె, డల్లాస్‌లో తమ్ముడు. నేను కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను.

ఏజెంటు ఒక ఆదివారం పొద్దున బండి మీద వచ్చాడు. టేపు తేలేదు. ఇంట్లోకి కూడా సరిగ్గా రాలేదు. గేటు కాడి నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచిపోయి మళ్ళీ వచ్చాడు. గల్లీలో కారు తిరుగుతదా అని నిలబడి చూశాడు, మోరీ ఎటు పారుతుందో చూశాడు. వెనక గల్లీలో కొత్తగా రంగేసిన ఇల్లు చూపించి "ఇది ఎవలు కొన్నరు సార్?" అని అడిగి, నేను చెప్పేలోపే ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. పెట్టేసి, జేబులోంచి ఏదో వెంచర్ పాంప్లెట్ తీసి దాని వెనక పెన్నుతో రాశాడు: 26 – 27.

"గజానికి ఇరవై ఆరు, ఇరవై ఏడు వేలు సార్. పెంకుటింటికి పైస రాదు, కొన్నోడు కూలగొడ్తడు. జాగకే రేటు."

మా నాయిన పోసుకున్న గోడలకు పైస రాదని వింటే కడుపులో కలుక్కుమంది గానీ, మాట నిజమే. ఇరవై నిమిషాల్లో తేల్చాడు. తర్వాత ఏమైందో చూస్తే ఆ పాంప్లెట్ వెనక అంకె దగ్గరికే వచ్చింది బేరం. అందుకే నాలుగు స్టార్లు.

అసలు ముచ్చట ఇక్కడ మొదలైంది. 2001కి ముందు కొన్న ఆస్తి అమ్మితే, లాభం మీద పన్ను లెక్కకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. ఆ విలువకు కాగితం కావాలని ఆడిటర్ చెప్పాడు. ఆ మాట ఏజెంటు చెవిన వేశాను. "దానికెందుకు సార్ తిరుగుడు, నేనే ఇస్త. రెండు వేలు" అన్నాడు. ఇచ్చాను. తప్పు నాదే.

మరునాడే కాగితం వచ్చింది. రంగుల లెటర్‌హెడ్, కింద గుండ్రటి ముద్ర, పైన లావు అక్షరాలతో 'వాల్యుయేషన్ సర్టిఫికెట్'. ఆయన పేరు కింద 'ప్రాపర్టీ కన్సల్టెంట్ అండ్ వాల్యూయర్'. నేను రిటైరవడానికి కొన్నాళ్ళ ముందు, 2022లో, రైల్వే వాళ్ళు మమ్మల్ని గార్డులు కాదు ట్రైన్ మేనేజర్లు అన్నారు. పేరు మారిన తెల్లారి కూడా నేను అదే బ్రేక్‌వ్యానులో, అదే జెండా పట్టుకుని కూర్చున్నాను. ఈ లెటర్‌హెడ్ చూస్తే అదే గుర్తొచ్చింది.

అందులో ఇప్పటి రేటు గజం 31 వేలు. ఇరవై ఆరు అన్నావు కదా తమ్మీ అంటే, "పేపర్ మీద కొంచెం ఎక్కువే ఉండాలె సార్, బేరానికి పనికొస్తది" అన్నాడు. 2001 నాటి రేటు గజం 3 వేలు అని రాశాడు. అది ఎక్కడిదంటే, "గప్పుడు గట్లనే ఉండె".

ఆడిటర్ ఆ కాగితం చదివి కింద పెట్టేసి, "దీన్ని నేను ఫైల్లో పెట్టలేను" అన్నాడు. ఒకటి, పన్ను లెక్కకు రిజిస్టర్డ్ వాల్యూయర్, అంటే ఆస్తి విలువ కట్టడానికి ప్రభుత్వం దగ్గర నమోదైన మనిషి, రిపోర్టు ఉండాలి. సంపద పన్ను 2015లోనే ఎత్తేసినా, ఆ పాత చట్టం కింద రిజిస్టరైన వాల్యూయర్లే అప్పటికీ ఈ పనికి వచ్చేవాళ్ళట. రెండు, జాగ, ఇల్లు అయితే 2001 విలువ ఆనాటి రిజిస్ట్రేషన్ విలువకు మించకూడదని 2020లో చట్టం మార్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లెక్క తీయిస్తే ఏజెంటు రాసిన మూడు వేలలో సగం కూడా లేదు. ఆ అంకె పెట్టుకుని రిటర్ను వేస్తే నోటీసు నా పేరు మీద వచ్చేది.

మరి ఏజెంటు రేటు చెప్పడమే తప్పా? కాదు. ఇల్లు ఎంత పలుకుతుందో ఏజెంటు చెప్పకూడదని ఏ చట్టమూ అనలేదు. చెప్పకపోతే ఆయన దగ్గరికి ఎవరు పోతారు? బోర్డు మీద రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు ఉంది కదా అని నేను ధైర్యపడ్డాను. 2016 నాటి ఆ చట్టం 9వ సెక్షన్ చదివితే ఆ నంబరు దేనికో తెలిసింది. రెరాలో రిజిస్టరైన వెంచర్లలో, అపార్ట్‌మెంట్లలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టడానికి. 10వ సెక్షన్ ఏమో లెక్కలు సరిగ్గా పెట్టుకోవాలి, అబద్ధాలు చెప్పి అమ్మొద్దు అంటుంది. విలువ కట్టి సర్టిఫికెట్ ఇచ్చే అధికారం అందులో ఎక్కడా లేదు. మాది ఎలాగూ పాత ఇల్లు, దానికి రెరాతో పనే లేదు. అంటే ఆయన నోటితో చెప్పింది అభిప్రాయం, దానికి ఎవరూ అడ్డురారు. దాన్నే సర్టిఫికెట్ అని రాసి డబ్బు తీసుకుంటే, ఆయన దగ్గర లేని సరుకు అమ్మినట్టు.

తమ్ముడికి ఈ సంగతి వాట్సాప్‌లో పెడితే నవ్వాడు. టెక్సాస్‌లో ఏజెంటు ధర అభిప్రాయం రాసివ్వొచ్చట, కానీ ఇది లైసెన్సున్న అప్రైజర్ కట్టిన విలువతో సమానం కాదని ఆ కాగితం మీదే రాయాలట. ఉండటానికి ఇల్లు కొనేవాళ్ళకు లోను ఇచ్చేటప్పుడు ఆ అభిప్రాయాన్నే ప్రధాన ఆధారం చేసుకోవద్దని 2010లో వాళ్ళ పార్లమెంటు చట్టం కూడా చేసింది. ఇక్కడ ఆ ఒక్క వాక్యం రాయించే నియమం ఉంటే నా రెండు వేలు మిగిలేవి.

నవ్వినవాడే వారం తిరక్కుండా అడ్డం తిరిగాడు. "అన్నా, సర్టిఫికెట్‌లో ముప్పై ఒకటి ఉంటే నువ్వు ఇరవై ఆరున్నరకు ఎందుకు ఒప్పుకుంటున్నవ్?" 31 వేల చొప్పున 56,73,000. 26,500 చొప్పున 48,49,500. తేడా ఎనిమిది లక్షల పైచిలుకు, తన వాటాకు 2,74,500. డల్లాస్‌లో రాత్రి పదకొండు, ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర. ఎప్పుడూ నోరెత్తని చెల్లె కూడా "చిన్నన్న అడిగేది న్యాయమే కదా పెద్దన్నా" అనేసింది. పండుగ పూట నా ఇంట్లో నేనే దొంగనైపోయాను. అదంతా ఆ గుండ్రటి ముద్ర చలవ. పాంప్లెట్ వెనక రాసిన 26 – 27 ఫొటో తీసి ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ గొడవ ఇంకా నడుస్తుండేది.

తర్వాత ఆడిటర్ చెప్పిన రిజిస్టర్డ్ వాల్యూయర్‌ను పిలిచాం. రిటైరైన ఇంజనీరు. లేజర్ మీటరుతో ప్రతి గోడా కొలిచాడు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), కార్పొరేషన్ ఇంటి పన్ను రసీదు అడిగాడు. పెంకులు లేపి దూలం చెక్క ఏదో చూశాడు, మా నాయిన ఉంటే సంబరపడేవాడు. రిపోర్టు రావడానికి పది రోజులు, ఆరు వేలు. అందులో ఒక పేజీ నన్ను ఆపింది: ఈ ఆస్తిలో నాకు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఎలాంటి లాభం లేదని సంతకం. మన ఏజెంటుకు మా దగ్గర రెండు శాతం, కొన్నవాళ్ళ దగ్గర ఇంకో రెండు శాతం. ఆ వాక్యం కింద ఆయన సంతకం ఎట్లా పెడతాడు?

నిజం చెప్పాలి కాబట్టి ఇది కూడా రాస్తాను. ఇప్పటి రేటు వాల్యూయర్ గజానికి 24 వేలే కట్టాడు. డాక్యుమెంట్లలో కనిపించే రేట్లు చూసి కట్టాడాయన. మా గల్లీలో డాక్యుమెంటులో రాసే రేటు ఒకటి, చేతులు మారే రేటు ఇంకొకటి అని అందరికీ తెలిసిందే. మాతో కూడా ఏజెంటు "డాక్యుమెంట్ రేటు తగ్గించుకుందాం సార్" అన్నాడు. తమ్ముడి వాటా అమెరికా పోవాలి, మొత్తం బ్యాంకులోనే అని చెప్పేశాం. కొన్నవాళ్ళు రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం కట్టేటప్పుడు మా వైపు చూసిన చూపు వేరే. గజం 26,500కు అయింది. వాళ్ళ లోను కోసం బ్యాంకు తన ప్యానెల్ వాల్యూయర్‌ను తనే పంపుకుంది. ఏజెంటు సర్టిఫికెట్ జిరాక్స్ వాళ్ళ ఫైల్లో ఉందట, ఎవరూ తిప్పి చూడలేదు.

పన్ను దగ్గర 2001 అంకె ముగ్గురికీ పనికొచ్చింది. ఇక్కడున్న మాకు ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కకట్టడం) 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అని ఎంచుకునే వీలుంది. తమ్ముడికి 12.5 ఒక్కటే.

నేను మళ్ళీ ఏదైనా అమ్మితే ఈ ఏజెంటునే పిలుస్తాను. మా గల్లీ రేటు ఆయనకు తెలిసినంత ఆ ఇంజనీరుకు తెలియదు. కాగితం మాత్రం తీసుకోను. మీకు ఎవరైనా లెటర్‌హెడ్ మీద విలువ రాసిస్తామంటే, ఏ రిజిస్ట్రేషన్ కింద ఇస్తున్నారో ఆ నంబరు అడగండి. రెరా నంబరు చెబితే అది అమ్మిపెట్టే నంబరని గుర్తుంచుకోండి.

కమీషన్ లెక్క చూసిన రోజు ఆ రెండు వేలు తగ్గించమన్నాను. తల గోక్కుని వెయ్యి తగ్గించాడు. "మిగతాది ముద్రకు అయింది సార్" అన్నాడు.