బిట్‌కాయిన్ తాళం ఎవరి చేతిలో ఉంటే మేలు?

తాళం అంటే మీ బిట్‌కాయిన్‌ను ఖర్చు పెట్టనిచ్చే రహస్య కోడ్. దాన్ని ఎక్స్ఛేంజీలో, అంటే క్రిప్టో కొని అమ్మే కంపెనీ దగ్గర, ఉంచితే సుఖమే. పాస్‌వర్డ్ మర్చిపోయినా కేవైసీ చూపించి ఖాతా తిరిగి తెరిపించుకోవచ్చు. కానీ తాళం వాళ్లది, యాప్‌లో మీకు కనిపించేది వాళ్లు మీకివ్వాల్సిన బాకీ. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే భారతీయ ఎక్స్ఛేంజీ నుంచి దొంగలు సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో లాగేశాక, ఖాతాదారుల విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. తరచూ కొని అమ్మే సొమ్ము వరకే అక్కడ ఉంచడం మంచిది. ఓటీపీ కూడా ఎస్ఎంఎస్‌కి కాకుండా ఆథెంటికేటర్ యాప్‌లో పెట్టుకోవాలి. మీ నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసినవాడికి ఎస్ఎంఎస్‌లన్నీ వెళ్తాయి.

తాళాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా దాచే చిన్న పరికరం, అంటే హార్డ్‌వేర్ వాలెట్, ఒక్కటే వాడితే పెత్తనమంతా మీదే, పొరపాటు చేసినా దిద్దేవాడు ఉండడు. అసలు ఆస్తి ఆ పరికరం కాదు, దానిలోని తాళాన్ని మళ్లీ పుట్టించే 12 లేదా 24 సీడ్ పదాలు. అవి దొరికినవాడికి మీ పిన్‌తో పనిలేదు. ఫొటో తీస్తే క్లౌడ్‌కి ఎక్కిపోతుంది, కాగితం తడుస్తుంది. స్టీలు రేకు మీద మీరే పంచ్‌తో కొట్టుకోండి, చెక్కించడానికి షాపులో ఇచ్చారో, గుట్టు అక్కడే రట్టు. ఆ పదాలకు మీరు ఎంచుకున్న అదనపు రహస్య మాట, అంటే పాస్‌ఫ్రేజ్, కలిపితే భద్రత పెరిగే మాట నిజమే, కానీ ఒక్క అక్షరం తేడా వచ్చినా తప్పని చెప్పదు, ఖాళీ వాలెట్ తెరుస్తుంది. కొద్ది మొత్తం పంపి, పరికరాన్ని రీసెట్ చేసి, పదాలతో మళ్లీ తెరిచి, అదే అడ్రస్ వచ్చాకే మిగతాది పంపాలి.

మూడు తాళాల్లో ఏ రెండైనా సంతకం చేస్తే చాలనే మల్టీసిగ్‌లో ఒకటి పోయినా, ఒకటి దొంగ చేతిలో పడినా సొమ్ము పదిలం. ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకర్లో, మూడోది వేరే ఊళ్లో తోబుట్టువు దగ్గర ఉంచొచ్చు. చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది: రెండు సీడ్‌లు మాత్రమే మిగిలితే వాలెట్ తిరిగి రాదు, మూడో దాని పబ్లిక్ కీ (అడ్రస్‌లు లెక్కగట్టడానికే పనికొచ్చే బహిరంగ కోడ్) కూడా కావాలి. అందుకే ఆ మూడు పబ్లిక్ కీలు రాసి ఉండే డిస్క్రిప్టర్ ఫైలు ప్రతి చోటా ఒక కాపీ ఉండాలి. అది బయటపడితే మీ నిల్వ ఎంతో తెలుస్తుంది గానీ ఖర్చు పెట్టడం కుదరదు.

వజీర్‌ఎక్స్‌లో పోయిందీ మల్టీసిగ్ వాలెట్టే. సంతకాలు ఎన్ని ఉన్నా, అందరూ కంప్యూటర్ తెరనే నమ్మితే ఒకే మోసానికి అందరూ సంతకం చేసినట్టే. పంపే అడ్రస్, మొత్తం పరికరం తెర మీదే చదవాలి.

నన్నడిగితే, పోతే నిద్రపట్టని మొత్తానికి ఒకే వాలెట్, రేకు చాలు. జీవితకాలపు పొదుపైతేనే మల్టీసిగ్ శ్రమ పడండి. ఏది ఎంచుకున్నా తాళాలు ఎక్కడున్నాయో, ఎలా తెరవాలో ఇంట్లో ఒకరికి రాసివ్వండి, పదాలు మాత్రం ఆ ఉత్తరంలో వద్దు.