లాస్ కల్చరిస్టాస్: ఇద్దరు ప్రాణస్నేహితుల పాప్ కల్చర్ పాడ్‌కాస్ట్ ఎందుకు వినాలంటే

పాప్ కల్చర్ మీద పాడ్‌కాస్ట్‌లకు కొదవేం లేదు, రోజుకొకటి పుడుతూనే ఉంటుంది. కానీ ఎవరైనా వచ్చి, నవ్వించేది, తెలివైనది, క్వియర్ మనుషులు, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటివాళ్ళు, తమ భాషలో తాము మాట్లాడుకునేది ఒక్కటి చెప్పు అంటే నేను ఆలోచించకుండా చెప్పే పేరు లాస్ కల్చరిస్టాస్. మ్యాట్ రోజర్స్, బోవెన్ యాంగ్ అనే ఇద్దరు గే కమెడియన్లు దీన్ని నడుపుతారు. న్యూయార్క్ యూనివర్సిటీలో చదువుకున్న రోజుల నుంచి వీళ్ళు ప్రాణస్నేహితులు. షో 2016లో మొదలైంది, అప్పటికి ఇద్దరూ న్యూయార్క్‌లో చిన్న చిన్న స్టేజీల మీద కామెడీ చేసుకుంటున్నవాళ్ళే, వచ్చే గెస్టులు కూడా ఎక్కువగా వాళ్ళ సర్కిల్లోని కమెడియన్లే. ఇప్పుడు హాలీవుడ్ స్టార్లు వచ్చి కూర్చుంటున్నారు. మొదట్లో ఫరెవర్ డాగ్ అనే పాడ్‌కాస్ట్ నెట్‌వర్క్‌లో ఉండేది, తర్వాత ఐహార్ట్ అనే ఆడియో కంపెనీతో కలిసి నటుడు విల్ ఫెరెల్ పెట్టిన బిగ్ మనీ ప్లేయర్స్ నెట్‌వర్క్‌కి మారింది. వినడానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు, ఏ పాడ్‌కాస్ట్ యాప్‌లోనైనా దొరుకుతుంది.

షో మొదలయ్యే తీరులోనే సగం విషయం అర్థమైపోతుంది. ఒకడు "అటు చూడు" అంటాడు, రెండోవాడు "ఓహో, కనిపించింది" అంటాడు, "అది కల్చరేనా?" "అవును, అదే!" అని ఇద్దరూ ఆశ్చర్యపోయి, చివరికి కాలింగ్ బెల్ కొట్టినట్టు "డింగ్ డాంగ్!" అని పాడతారు. ఏళ్ళ తరబడి ఇదే మొదలు. రాసిపెట్టుకున్న డైలాగులు చదివినట్టు ఉండదు, ఒక్కోసారి ఒక్కో రాగంలో సాగదీస్తారు, ఒక్కోసారి మధ్యలోనే నవ్వేస్తారు. ఆఖర్న ప్రతి ఎపిసోడ్‌నీ ఏదో ఒక పాట ముక్క పాడి ముగిస్తారు.

స్నేహితులు కలిసి చేసే షోలు చాలా విన్నాను, వాటిలో ఎక్కువ భాగం మైకు ఆన్ అయినప్పుడు మాత్రమే స్నేహం. ఇక్కడ తేడా ఏంటంటే వీళ్ళిద్దరికీ ఒకరి అభిరుచి ఒకరికి పూర్తిగా తెలుసు, ఏ పాటకి వాడు పడిపోతాడో, ఏ హీరోయిన్‌ని ఏమన్నా అంటే వీడు ఊరుకోడో, ఏ విషయం దగ్గర గొంతు మారుతుందో. అందుకే వాదించుకున్నా వినడానికి హాయిగా ఉంటుంది. మ్యాట్ ఊపు మీద ఉంటాడు, పెద్ద గొంతుతో తీర్పు చెప్పేస్తాడు, ఈ ఆల్బమ్ అద్భుతం, ఆ సీజన్ దండగ, అంతే. బోవెన్ ఆ మాటని అందుకుని మెల్లగా తిప్పి చూస్తాడు, ఎందుకు నచ్చింది, ఇదే పని ఇంకొకరు చేస్తే ఎందుకు నచ్చలేదు అని లోపలికి వెళ్తాడు, మధ్యలో ఒక్క మాట వదిలితే మ్యాట్ పడీపడీ నవ్వుతాడు. ఒక్కడితో ఈ షో నిలబడదని నా గట్టి నమ్మకం. మ్యాట్ ఒక్కడే అయితే అలసిపోతాం, బోవెన్ ఒక్కడే అయితే మరీ నెమ్మదిగా ఉంటుంది.

ఈ షోని ఇంత గట్టిగా సిఫారసు చేయడానికి నాకున్న అసలు కారణం వేరే. క్వియర్ మనుషుల్ని పిలిచి మాట్లాడించే కార్యక్రమాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, మంచిదే, కానీ వాటిలో చాలావాటికి పిలిచినవాళ్ళు వచ్చి తామెవరో వివరించాలి, ఇంట్లో ఎప్పుడు చెప్పారు, ఎంత ఏడ్చారు, లోకం ఏమంది, అన్నీ మొదటి నుంచి చెప్పి వెళ్ళాలి. లాస్ కల్చరిస్టాస్‌లో ఆ వివరించే పని లేదు. ఇద్దరు గే మగవాళ్ళు కూర్చుని తమకి నచ్చినవాటి గురించి మాట్లాడుకుంటారు, అంతే. పాప్ గాయనులు, అవార్డు ఫంక్షన్‌లో ఎవరు ఏ గౌను వేశారు, రియాలిటీ షోలో ఎవరు ఎవరి మీద వైన్ పోశారు, చిన్నప్పుడు వీటి మీద మనసు పారేసుకున్న మగపిల్లాడిని ఆటపట్టించేవాళ్ళే ఎక్కువ. ఆ ఇష్టమే ఇక్కడ పాండిత్యం. ఒక పాట వీడియోలో మూడో సెకనులో ఆమె తల ఎలా తిప్పిందో ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడగలరు, అందులో ఒక్క క్షణం కూడా క్షమించండి అన్నట్టు ఉండదు. వినే క్వియర్ మనిషికి ఇది ఎంత ఊరటో మాటల్లో చెప్పడం కష్టం. క్వియర్ కానివాళ్ళకి కూడా ఇదే మంచి దారి అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ మీకెవరూ పాఠం చెప్పరు, సంభాషణలో ఒక కుర్చీ లాక్కుని కూర్చోవడమే.

అలాగని బాధ తెలియని షో కాదు. బోవెన్ చైనా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల కొడుకు, పుట్టింది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, పెరిగింది కెనడాలో, తర్వాత అమెరికాలోని కొలరాడోలో. తాను గే అని 17 ఏళ్ళప్పుడు ఇంట్లో తెలిసిపోవడం, గే అవడాన్ని మార్చేస్తామని చెప్పే కన్వర్షన్ థెరపీకి తల్లిదండ్రులు పంపడం, ఇవన్నీ అతను ఇంటర్వ్యూల్లో దాచకుండా చెప్పాడు. మ్యాట్ పెరిగింది న్యూయార్క్ పక్కనే, లాంగ్ ఐలండ్‌లో. రెండు వేరు వేరు ఇళ్ళు, వేరు వేరు కట్టుబాట్లు, కానీ టీవీ ముందు కూర్చున్నప్పుడు ఇద్దరూ వెతుక్కున్నది ఒకటే. అది తెలిసి వింటే ఈ నవ్వులకి ఇంకో పొర ఉన్నట్టు వినిపిస్తుంది.

అందుకే వాళ్ళు గెస్టుని తప్పకుండా అడిగే ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఏ కల్చర్ చూశాక, లేదా విన్నాక, కల్చర్ అనేది నాకోసమే ఉంది అని మీకు మొదటిసారి అనిపించింది? ఇదీ ఆ ప్రశ్న. ఇష్టమైన సినిమా ఏది అని అడిగితే ప్రమోషన్‌కి వచ్చిన స్టార్ ఎవరైనా నాలుగు గౌరవంగా వినిపించే పేర్లు చెప్పేస్తారు. ఈ ప్రశ్నకి అలా కుదరదు, ఏడేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు హాల్లో నేల మీద కూర్చుని చూసిన కార్టూన్ దగ్గరికో, అక్క గదిలోంచి వినిపించిన క్యాసెట్ దగ్గరికో వెళ్ళాల్సిందే. వెళ్ళాక మనిషి గొంతు మారిపోతుంది. అప్పటిదాకా కొత్త సినిమా గురించి బట్టీ పట్టిన వాక్యాలు చెప్తున్న మనిషి ఒక్కసారిగా తడబడుతూ, నవ్వుతూ, నిజంగా గుర్తు తెచ్చుకుంటూ మాట్లాడతారు. నాకు ఈ భాగం మిస్ అయితే ఎపిసోడ్ విన్నట్టే ఉండదు.

ఇక అందరికీ తెలిసిన భాగం ఐ డోంట్ థింక్ సో, హనీ, అంటే నాకలా అనిపించట్లేదు బంగారం అని. దీనికి నియమం చాలా సులువు, ఒక్క నిమిషం టైమ్, ఆ నిమిషంలో మీకు ఒళ్ళుమండే ఏదో ఒక విషయాన్ని ఎత్తుకుని ఉతికి ఆరేయాలి. మొదట మ్యాట్, తర్వాత బోవెన్, తర్వాత గెస్టు, వరస అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు టైమ్ చూస్తూ ఇంకా 30 సెకన్లు, ఇంకా 15 సెకన్లు అని అరుస్తుంటారు, ఆ అరుపుతో మాట్లాడేవాళ్ళకి టెన్షన్ పెరిగి మాటల వేగం పెరుగుతుంది, సరిగ్గా అక్కడే బంగారం లాంటి వాక్యాలు పడతాయి. విషయం ఎంత చిన్నదైతే అంత బాగా పండుతుంది. దీన్నే స్టేజీ మీదికి తీసుకెళ్ళి 50 మంది కమెడియన్లతో తలా ఒక నిమిషం చొప్పున లైవ్ షోలు కూడా చేశారు.

ఈ భాగంలో వచ్చిన ఒక నిమిషం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 జనవరిలో నటి, రచయిత్రి టీనా ఫే గెస్టుగా వచ్చింది. సాటర్డే నైట్ లైవ్ అనే అమెరికా టీవీ కామెడీ షోలో ఒకప్పుడు ఆమె హెడ్ రైటర్. బోవెన్ 2018లో అదే షోకి రచయితగా చేరి, 2019లో నటుడిగా తెర మీదికి వచ్చినవాడు, అంటే ఒక రకంగా ఆమె అతనికి సీనియర్. ఆమె తన నిమిషాన్ని బోవెన్ మీదే ఖర్చు పెట్టింది! సినిమాల గురించి నీ అసలు అభిప్రాయాలు ఈ పాడ్‌కాస్ట్‌లో చెప్పడం ఇక ఆపు, నువ్వు ఇప్పుడు బాగా పేరున్నవాడివి, రేపు ఆ డైరెక్టరే నీకు ఫోన్ చేస్తే ఏం చేస్తావు అని కడిగేసింది, నిజాయితీగా ఉండడం ప్రమాదం, పైగా ఖరీదు అని ముగించింది. స్టూడియోలో అందరూ నవ్వుతుంటారు, వింటున్న మనమూ నవ్వుతాం, కానీ ఆ మాటలో ఉన్న నిజం అక్కడున్న ముగ్గురికీ తెలుసని వాళ్ళ నవ్వులోనే వినిపిస్తుంది. ఒక్క నిమిషంలో హాలీవుడ్ ఎలా నడుస్తుందో ఇంత స్పష్టంగా చెప్పిన ఇంకో ఇంటర్వ్యూ నేను వినలేదు.

ఈ షో మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా అక్కడే ఉంది. పాత ఎపిసోడ్లలో నచ్చనిదాన్ని నచ్చలేదని ముఖం మీదే చెప్పేవాళ్ళు. పేరు పెరిగేకొద్దీ, స్టార్లు స్నేహితులయ్యేకొద్దీ ఆ పదును తగ్గింది. పెద్ద సినిమా ప్రమోషన్ కోసం గెస్టు వచ్చిన ఎపిసోడ్‌లో పొగడ్తలు ఒక్కోసారి మోతాదు మించుతాయి, మీరు అద్భుతం, మీరు దేవత, మీరు లేకపోతే మేం లేం, ఇలా పావుగంట. అభిమానం నిజమే అని తెలుస్తూనే ఉంటుంది, అయినా వినేవాళ్ళకి ఆ పావుగంట బరువే. గెస్టు లేకుండా ఇద్దరే కూర్చున్న ఎపిసోడ్లలో మాత్రం పాత పదును తిరిగి వస్తుంది, అందుకే నేను వాటికోసమే ఎక్కువ ఎదురుచూస్తాను.

మిగతా లోపాలు చిన్నవి. నిడివి ఎక్కువ, గెస్టు రాకముందే సొంత కబుర్లు చాలాసేపు నడుస్తాయి. యాడ్స్ ఉన్నాయి, కొంచెం ఎక్కువే ఉన్నాయి. అమెరికా రియాలిటీ టీవీ, ముఖ్యంగా బ్రావో ఛానెల్ షోలు చూడనివాళ్ళకి కొన్ని పేర్లు తలకెక్కవు. దానికి కంగారు పడక్కర్లేదు, ఎవరో తెలియకపోయినా ఆ గొడవ ఏంటో అర్థమవుతుంది, అదే చాలు. పాత జోకులు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, కల్చర్ రూల్ నంబర్ ఫలానా అని ఒక అంకె చెప్పి ఏదో ఒక సూత్రం వదులుతారు, ఆ అంకెలకి వరసంటూ ఉండదు, వెతక్కండి.

ఒక విషయం మాత్రం ఈ స్నేహం మీద నాకు గౌరవం పెంచింది. 2023 వేసవిలో బోవెన్ మానసిక ఆరోగ్యం బాగోలేదని, తన నుంచి తానే దూరమైపోయినట్టు అనిపించే డీపర్సనలైజేషన్ అనే స్థితితో ఇబ్బంది పడుతున్నానని బయటికే చెప్పి, పాడ్‌కాస్ట్ నుంచి కొంతకాలం తప్పుకున్నాడు. వాళ్ళకి అది మామూలు సమయం కాదు, షో పేరు పెరుగుతూ ఉన్న సమయం. మ్యాట్ షో ఆపలేదు, అలాగని ఆ కుర్చీ ఇంకెవరికీ శాశ్వతంగా ఇవ్వలేదు, వేరేవాళ్ళని తోడు కూర్చోబెట్టుకుని నడిపాడు. బోవెన్ తిరిగి వచ్చాక షో మళ్ళీ తన లయలో పడింది. ఒకరు బాగోలేనప్పుడు ఇంకొకరు పని మోయడం స్నేహంలో మామూలే అనొచ్చు, కానీ అభిమానులందరూ వింటుండగా, ప్రతి వారం, సానుభూతి కోసం వాడుకోకుండా చేయడం నాకు చాలా నచ్చింది. ఆ తర్వాత 2025 డిసెంబర్‌లో బోవెన్ సాటర్డే నైట్ లైవ్ కూడా వదిలేశాడు, పాడ్‌కాస్ట్‌ని మాత్రం వదల్లేదు.

అవార్డుల సంగతి కూడా చెప్పేస్తాను. వీళ్ళు సొంతంగా కల్చర్ అవార్డులు మొదలుపెట్టారు, 2022లో న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో లైవ్‌గా చేశారు, 2025 ఆగస్టులో మొదటిసారి బ్రావో ఛానెల్‌లో టీవీకి ఎక్కాయి. ఉత్తమ నటుడు, ఉత్తమ చిత్రం లాంటివి ఉండవు, చిన్న మనిషి, పెద్ద ప్రభావం అని నటి ఇవా లాంగోరియా పేరు మీద ఒక అవార్డు ఉంటుంది, అలాంటివి. సరదాగానే ఉంది, కానీ టీవీ షోతో మొదలుపెట్టొద్దు. పాడ్‌కాస్ట్ అలవాటైనవాళ్ళకి అందులో ప్రతి కేటగిరీ వెనకా ఒక పాత కబురు గుర్తొస్తుంది, కొత్తవాళ్ళకి గోలలా అనిపిస్తుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? టీనా ఫే ఎపిసోడ్‌తో. దాని తర్వాత గెస్టు లేకుండా ఇద్దరే మాట్లాడుకున్న ఎపిసోడ్ ఏదైనా ఒకటి, ఈమధ్యది అయితే మంచిది, వాళ్ళు మాట్లాడే పాటలూ సినిమాలూ మీకూ తెలిసి ఉంటాయి. ఆ రెండూ నచ్చితే వెనక్కి వెళ్ళి 2016, 2017 నాటివి వినండి, అప్పుడు ఇద్దరికీ పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, నోటికొచ్చింది అనేసేవాళ్ళు. స్పీడు పెంచి మాత్రం వినకండి, ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు కాబట్టి ఒకటిన్నర స్పీడులో సగం జోకులు పోతాయి. రెండు ఎపిసోడ్లు విన్నాక కూడా ఈ హడావిడి మీకు పడలేదంటే మూడోది ప్రయత్నించక్కర్లేదు, షో మొదటి నుంచి చివరిదాకా ఇలాగే ఉంటుంది.