డాకర్ ఇంజిన్ 25.0.2: చిన్న అంకె, పెద్ద మరమ్మతు

ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే వేరువేరు గదుల్లో నడిపించే సాఫ్ట్‌వేర్ డాకర్ ఇంజిన్. 2024 జనవరి 31న వెలువడిన దాని 25.0.2 విడుదలలో కంటికి కనిపించే కొత్త హంగులు లేవు; అయినా 25.0 వరుసలో నేను ఎక్కువ విలువనిచ్చేది దీనికే. కంటైనర్‌ను నిజంగా మొదలుపెట్టే రన్‌సీ అనే అడుగు పొరలో, హోస్టు (కంటైనర్లు నడిచే అసలు యంత్రం) డైరెక్టరీ ఒకదాన్ని తెరిచి ఉంచిన ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలును సూచించే అంకె) కంటైనర్ లోపలి ప్రాసెస్‌కు జారిపోయేది. దురుద్దేశంతో తయారుచేసిన ఇమేజ్ (కంటైనర్‌కు మూస) తన వర్కింగ్ డైరెక్టరీగా, ఆ డిస్క్రిప్టర్‌ను చూపే ‘/ప్రాక్/సెల్ఫ్/ఎఫ్‌డీ/7’ వంటి దారిని రాసుకుంటే, కంటైనర్ గోడ దాటి హోస్టు ఫైళ్లను చేరగలిగేది. భద్రతా లోపాల బహిరంగ జాబితాలో సీవీఈ-2024-21626గా నమోదైన లోపం ఇదే.

రన్‌సీ 1.1.12లో చేసిన సవరణ చదువుతుంటే ముచ్చటేస్తుంది. వర్కింగ్ డైరెక్టరీ కంటైనర్ లోపలే ఉందా అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి కెర్నెల్‌నే అడిగి సరిచూసుకోవడంతో ఆగకుండా, ప్రోగ్రామ్‌ను నడిపించే ముందు తన సొంత డిస్క్రిప్టర్లను కూడా మూసేస్తుంది. ఒక తాళం ఊడినా రెండోది నిలుస్తుంది. ఇమేజ్‌లను తయారుచేసే బిల్డ్‌కిట్ లోపాలకూ డాకర్ ఇంజిన్ 25.0.2లోనే మరమ్మతు జరిగింది.

అయితే లినక్స్‌లో డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు వాడేవారికి రన్‌సీ వచ్చేది ఇంజిన్‌తో కాదు, కంటైనర్లను నిర్వహించే కంటైనర్‌డీ ప్యాకేజీతో. ఇంజిన్‌ను మాత్రమే నవీకరించి నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది కనుక, ‘డాకర్ వెర్షన్’ ఆదేశమిచ్చి సర్వర్ భాగంలో రన్‌సీ అంకెను తప్పక చూసుకోవాలి.